షేరింగ్ రూమ్ క్యాష్, కో-పే, డిడక్టిబుల్: ఏది మేలు?

మొన్న ఆరోగ్య బీమా రెన్యువల్‌కి ఏజెంట్ ఫోన్ చేసి, "అమ్మానాన్నల పాలసీకి 20 శాతం కో-పే పెట్టుకుంటే ప్రీమియం బాగా తగ్గుద్ది సార్, పెట్టేయమంటారా?" అన్నాడు. కో-పే అంటే ప్రతి క్లెయిమ్‌లో ఆ శాతం మనమే కట్టడం, దాన్ని ఇంకాస్త చట్నీ వేయమంటారా అన్నంత తేలిగ్గా అడిగాడు. రెండు రోజులాగమని చెప్పి, పాలసీ కాగితాలు, పోయినేడాది అమ్మ ఆపరేషన్ బిల్లులు ముందేసుకుని కాలిక్యులేటర్‌తో కూర్చున్నా. ఇంట్లో పెద్దవాళ్ళ పాలసీ చూసుకునేవాళ్ళకి పనికొస్తాయని ఆ లెక్కలే ఇక్కడ రాస్తున్నా.

మనం తక్కువ ఖర్చులో వైద్యం చేయించుకునేలా చేయడానికి బీమా కంపెనీల దగ్గర బెల్లం ముక్కా ఉంది, బెత్తమూ ఉంది. షేరింగ్ రూమ్ తీసుకుంటే రోజుకింత అని ఇచ్చే క్యాష్, వాళ్ళు చెప్పిన ఆసుపత్రికి వెళ్తే ఇచ్చే చిన్న మొత్తం బెల్లం ముక్కలు. రూమ్ రెంట్ లిమిట్, కో-పే బెత్తాలు. డిడక్టిబుల్, అంటే మొదట ఇంత మొత్తం దాకా మనమే కట్టుకోవడం, ఈ రెంటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది.

ముందు బెల్లం ముక్క సంగతి. కొన్ని పాలసీల్లో, నెట్‌వర్క్ ఆసుపత్రిలో (అంటే కంపెనీతో ఒప్పందం ఉన్నదాంట్లో) సింగిల్ రూమ్ కాకుండా షేరింగ్ తీసుకుంటే రోజుకు 800 రూపాయల చొప్పున, మొత్తం మీద 4,800 దాకా ఇస్తామని ఉంటుంది. ఇంకాస్త ఎక్కువ ఇచ్చేవీ ఉన్నాయి. వినడానికి బాగుంది కదా. అమ్మకి గాల్‌బ్లాడర్‌లో రాళ్ళని లాప్రోస్కోపీకి తీసుకెళ్ళినప్పుడు అడ్మిషన్ కౌంటర్లో అమ్మాయి తల ఎత్తకుండానే "ట్విన్ షేరింగా అండీ, సింగిలా? ఇన్సూరెన్స్ ఉందిగా, సింగిల్ రాసేయనా?" అంది. నేను గొప్పగా షేరింగ్ అన్నా, ఈ క్యాష్ మనసులో పెట్టుకునే. బుధవారం పొద్దున చేరితే గురువారం సాయంత్రానికి ఇంటికి పంపేశారు. క్లెయిమ్ వేశాక తెలిసింది, ఆ క్యాష్ రావాలంటే వరుసగా 48 గంటలు దాటి ఆసుపత్రిలో ఉండాలట. ఐసీయూలో ఉన్న రోజులు లెక్కలోకి రావట. పాలసీ కాగితంలో ఉంది, నేనే చదవలేదు. ఇప్పుడు చాలా ఆపరేషన్లు లాప్రోస్కోపీలే, రెండో రోజుకి ఇంటికి పంపేస్తున్నారు. అంటే ఈ బెల్లం ముక్క చాలామందికి నోటిదాకా రాదు.

నిజంగా కదిలించేది బెత్తమే. ఐదు లక్షల పాలసీలో గది అద్దె రోజుకు 1 శాతం, అంటే 5,000 దాకానే అని ఉందనుకుందాం. మీరు 8,000 గదిలో నాలుగు రోజులున్నారు. అదనం రోజుకు మూడు వేలే కదా, పన్నెండు వేలు మనం కట్టుకుందాం అనుకుంటారు. అక్కడే బోల్తా పడేది. గది అద్దెతో పాటు సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ చార్జీలన్నీ అదే నిష్పత్తిలో, అంటే ఎనిమిదింట ఐదు వంతులే ఇస్తారు. ఆ చార్జీలు 1,20,000 అయితే అందులో 75,000 వస్తాయి, 45,000 మన మీద పడతాయి, గది తేడా 12,000 కలిపితే 57,000. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్ల మీద ఈ కోత పెట్టకూడదని 2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన తెచ్చింది, ఐసీయూ చార్జీల మీదా పెట్టకూడదు, గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రుల్లో అసలు పెట్టకూడదు. అది కాస్త ఊరట. కానీ మన ఊళ్ళలో కార్పొరేట్ ఆసుపత్రులు చాలావరకు గదిని బట్టే రేటు వేస్తాయి. అదే డాక్టరు, అదే కత్తి, అదే థియేటర్, గది మారితే ఆపరేషన్ రేటు మారుతుంది!

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. షేరింగ్‌లో నాలుగు రోజులుంటే బహుమానం 3,200. పెద్ద గదిలో నాలుగు రోజులుంటే జరిమానా 57,000. నేనైతే ఆ 800 ఆశ చూసి ఏ పాలసీ కొనను, వస్తే వస్తుంది లేకపోతే లేదు. రూమ్ లిమిట్ ఎంతో మాత్రం కార్డు వెనకే రాసి పెట్టుకోవాలి. లిమిట్ లేని పాలసీ తీసుకోగలిగితే ఇంకా మంచిది, ప్రీమియం ఎక్కువే మరి.

అమెరికాలో ఈ బెల్లం ముక్కని ఇంకాస్త పెద్దది చేసి చూశారు. స్కానింగో, ఆపరేషనో ధర తక్కువున్న చోట చేయించుకుంటే 25 నుంచి 500 డాలర్ల దాకా పేషెంటు చేతికే ఇచ్చారు. 29 కంపెనీల ఉద్యోగుల లెక్కలతో 2019లో వచ్చిన అధ్యయనం ప్రకారం ధరలు సగటున 2.1 శాతం తగ్గాయి, అదీ ఎంఆర్ఐ, అల్ట్రాసౌండ్ లాంటి వాటిలోనే. ఆపరేషన్ల దగ్గర ఏ తేడా లేదు. నాకేం ఆశ్చర్యం అనిపించలేదు. స్కాన్ ఎక్కడ తీయించుకున్నా ఒకటే అనుకుంటాం, కత్తి పెట్టేవాడి దగ్గరికొచ్చేసరికి హస్తవాసి కావాలంటాం. అందులో తెలుగు వాళ్ళూ అమెరికా వాళ్ళూ ఒకటే. ఇంకోవైపు కాలిఫోర్నియా ప్రభుత్వోద్యోగుల బీమా చూసే కాల్‌పర్స్ 2011లో బెత్తం పట్టుకుంది. మోకాలు, తుంటి మార్పిడికి ఆసుపత్రి బిల్లు 30,000 డాలర్ల దాకా మేం కడతాం, ఆపైన మీదే అంది. జనం తక్కువ ధర ఆసుపత్రులకి మళ్ళారు, ఖరీదైన ఆసుపత్రులు కూడా రేట్లు దించాయి. మన దగ్గర అలా ధరకి ముందే గీసిన గీత ఆరోగ్యశ్రీలో ఉంది, ఆ కార్డున్నవాళ్ళకి ప్యాకేజీ రేటు ముందే ఖాయం కాబట్టి ఈ గది గోల లేదు.

ఇక ఏజెంట్ అడిగిన కో-పే దగ్గరికొద్దాం. 20 శాతం కో-పే అంటే ప్రతి క్లెయిమ్‌లో రూపాయికి ఇరవై పైసలు మనవి. 50,000 డిడక్టిబుల్ అంటే ఏడాదిలో మొదటి యాభై వేలు మనవి, ఆపైన కంపెనీది. నలభై వేల బిల్లు వస్తే కో-పేలో 8,000 కడతాం, డిడక్టిబుల్‌లో మొత్తం నలభై వేలూ కడతాం. అక్కడ కో-పేదే గెలుపు. రెండున్నర లక్షల దగ్గర రెండూ సమానం. నాలుగు లక్షల బిల్లయితే కో-పేలో 80,000, డిడక్టిబుల్‌లో అదే 50,000. బిల్లు పెరిగేకొద్దీ కో-పే పెరుగుతూనే ఉంటుంది, డిడక్టిబుల్ ఉన్నచోటే నిలబడుతుంది. చిన్న జబ్బుకి బీమా లేకపోయినా ఎలాగో బయటపడతాం, కొంప ముంచేది పెద్ద బిల్లే, దాని కోసమే కదా ఇన్నేళ్ళు ప్రీమియం కట్టేది.

ఇంకో సంగతి ఉంది, నాకు ముఖ్యమనిపించింది అదే. తక్కువ ఖర్చు వైపు మనల్ని నడిపించే పని కో-పేనే బాగా చేస్తుంది. డిడక్టిబుల్‌లో యాభై వేలు దాటాక, రూమ్ లిమిట్ లోపు ఏ గది తీసుకున్నా, ఏ ఆసుపత్రికి వెళ్ళినా మన జేబుకి తేడా లేదు. కో-పేలో మాత్రం చివరి రూపాయిదాకా మన వాటా ఉంటుంది, షేరింగ్‌కి మారి బిల్లు 60,000 తగ్గిస్తే 12,000 మనకే మిగులుతాయి, ఆ 800 క్యాష్ దీని ముందు ఏపాటి? కాబట్టి కంపెనీ కోణంలో కో-పే మంచి మందు. రోగి కోణంలో నాకు భయం. అమెరికాలో 1974 నుంచి 1982 దాకా ర్యాండ్ అనే పరిశోధన సంస్థ చేసిన పెద్ద ప్రయోగంలో, ఖర్చులో వాటా కట్టాల్సినవాళ్ళు వైద్యం తగ్గించుకున్నారు, అయితే అక్కర్లేని దాంతో పాటు అవసరమైనదీ తగ్గించుకున్నారు. మా నాన్నని చూస్తే ఆ ప్రయోగం అక్కర్లేదు. జ్వరం వారం రోజులైనా "ఇంకో రెండు రోజులు చూద్దాంలేరా" అనే మనిషి, ఐదో వంతు మనమే కట్టాలని తెలిస్తే ఇంకో నాలుగు రోజులు చూస్తాడు. డిడక్టిబుల్‌తోనూ ఆ భయం లేకపోలేదు, కాకపోతే ఆ డబ్బు ముందే పక్కన పెట్టి ఉంటే మనిషి అంత జంకడు.

డిడక్టిబుల్ తీసుకునేటప్పుడు అది ఏడాది మొత్తానికా, ప్రతి క్లెయిమ్‌కీనా అని రాతపూర్వకంగా అడగండి. ఏడాదికైతే మొదటిసారి నలభై వేలు కట్టాక రెండోసారి పది వేలే మిగులుతుంది. క్లెయిమ్‌కైతే ప్రతిసారీ యాభై వేలు. పెద్ద డిడక్టిబుల్ దాటాకే కట్టే టాప్-అప్ పాలసీల్లో తేడా కూడా ఇదే, మామూలు టాప్-అప్‌లో ప్రతి క్లెయిమ్‌కీ, సూపర్ టాప్-అప్‌లో ఏడాది మొత్తానికీ లెక్క వేస్తారు. ఆఫీసు గ్రూప్ పాలసీ ఉన్నవాళ్ళకి సూపర్ టాప్-అప్‌ని మించింది లేదు, దాని డిడక్టిబుల్ ఐదు లక్షలనుకుంటే ఆ ఐదు లక్షలు ఆఫీసు పాలసీ కట్టినా సాధారణంగా చెల్లుతుంది.

జోన్ (ఊరిని బట్టి ప్రీమియం) సంగతి ఒక్క ముక్కలో: చిన్న ఊరి అడ్రస్ పెట్టి తక్కువ ప్రీమియం కట్టి, తీరా ఆపరేషన్ పెద్ద నగరంలో చేయించుకుంటే కొన్ని పాలసీల్లో అక్కడ అదనంగా కో-పే పడుతుంది. మోకాలి ఆపరేషన్‌కి హైదరాబాద్ వచ్చే గుంటూరు, ఖమ్మం వాళ్ళు ఇది చూసుకోవాలి.

మా ఇంటి లెక్క ఇలా తేలింది. ప్రీమియం 48,000. కో-పే పెడితే ఏడాదికి 9,000 తగ్గుతుంది, డిడక్టిబుల్ పెడితే 11,000. ఐదేళ్ళు కో-పేతో మిగిలేది 45,000, ఒక్క నాలుగు లక్షల క్లెయిమ్ వచ్చిందంటే పోయేది 80,000. ఏజెంట్‌కి ఫోన్ చేసి కో-పే వద్దు, 50,000 డిడక్టిబుల్ పెట్టమన్నా. ఇందులో నష్టమూ ఉంది, అమ్మ ఆపరేషన్ లాంటిది మళ్ళీ వస్తే 78,000 బిల్లులో కంపెనీ ఇచ్చేది 28,000 మాత్రమే. ఆ యాభై వేలు చేతిలో లేక రెండు రూపాయల వడ్డీకి తేవాల్సి వచ్చేవాళ్ళకి నేనిది చెప్పను. వాళ్ళు కో-పే, డిడక్టిబుల్ రెండూ లేని మామూలు పాలసీ కట్టుకుని, గది లిమిట్ దాటకుండా చూసుకుంటే చాలు. అరవై దాటాక కొత్తగా చేరేవాళ్ళకి చాలా పాలసీల్లో కో-పే తప్పనిసరి, అక్కడ ఎంచుకోవడానికి ఏమీ ఉండదు, తక్కువ శాతం ఉన్నది వెతుక్కోవడమే. ఒకే నిబంధనలతో చాలా కంపెనీలు అమ్మే, 2020లో వచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీలో అది 5 శాతమే.

యాభై వేలు నాన్న పేరు మీద బ్యాంకులో విడిగా వేశాను. ఇన్సూరెన్స్ కార్డు ప్లాస్టిక్ కవర్ వెనక చీటీ పెట్టి "రూమ్ 5,000 దాటొద్దు, షేరింగ్ అడగాలి" అని రాస్తుంటే అమ్మ చూసి, షేరింగే నయం, పక్క బెడ్ తెనాలి ఆవిడతో పొద్దుపోయింది అంది. నాన్న మాత్రం, ఆవిడ వాళ్ళాయన రాత్రంతా ఫోన్లో సీరియల్ పెట్టాడు, ఈసారి నాకైతే సింగిలే అన్నాడు. సింగిల్ అయినా ఐదు వేల లోపు దొరుకుతుందేమో ముందే కనుక్కోవాలి.