స్ట్రీట్‌కంప్లీట్ యాప్: "ఈ నీళ్లు తాగొచ్చా?" అని అడుగుతుంది, తొందరపడి జవాబు చెప్పకండి

పోయిన ఎండాకాలం అవ్వను అలిపిరి మెట్ల దారికి తీసుకెళ్తూ, 3,550 మెట్లు కదా, ముందే బాటిల్ నింపుకుందామని ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ తీశాను. ఒక హోటల్ పక్కన తాగునీళ్ల గుర్తు కనిపించింది. తీరా వెళ్లి చూస్తే అది చేతులు కడుక్కునే బోరు కుళాయి. నేను చూసుకునేలోపే అవ్వ రెండు గుక్కలు తాగేసింది. ఏమీ కాలేదు, కానీ కొండ ఎక్కినంతసేపూ నాకు టెన్షనే.

ఆ మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది. 2004లో మొదలైంది, ఎవరైనా మార్చొచ్చు. అందుకే ఆ మ్యాప్‌లో లేని వివరాలు నింపడానికి వాడే ఈ స్ట్రీట్‌కంప్లీట్ యాప్ వేసుకున్నాను. ఫ్రీ, యాడ్స్ లేవు. వివరాలు లేని కుళాయి, బావి దగ్గరికి వెళ్తే ఈ నీళ్లు తాగొచ్చా అని అడుగుతుంది, జవాబు నొక్కితే మ్యాప్‌లోకి వెళ్లిపోతుంది. ఆ హోటల్ కుళాయి గురించి ఫొటోతో నోటు పెడితే వారంలో ఎవరో సరిచేశారు, చాలా సంతోషం వేసింది.

ఇబ్బంది ఎక్కడంటే, తాగొచ్చు అని నొక్కడం మరీ సులువు. మన చిత్తూరు వైపు బోరు నీళ్లు తియ్యగా ఉన్నాయంటే మంచివని అనుకుంటాం, కానీ ఫ్లోరైడ్ రుచిలో తెలియదు, కాచినా పోదు, కాచితే నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని మన ప్రమాణం, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. నాలుకతో రుచి చూసి ఇది ఎవరు చెప్పగలరు? పరీక్ష చేశారా, ఎప్పుడు చేశారు అని కూడా యాప్ అడిగితే బాగుండేది. అందుకని నేను తాగునీరు అని బోర్డు ఉంటేనో, ఆర్‌వో ప్లాంట్ కుళాయి అయితేనో అవునంటాను, లేకపోతే వదిలేసి ముందుకు పోతాను.

చలివేంద్రాలది ఇంకో సమస్య. ఏప్రిల్‌లో కుండలు పెడతారు, వానలు పడగానే తీసేస్తారు, అవి ఎండాకాలానికే అని రాయకుండా పెడితే నవంబరులో వచ్చిన యాత్రికుడు ఖాళీ పందిరి గుంజల దగ్గర నిలబడాలి.

నాలుగు స్టార్లు ఇస్తున్నా. తిరుపతి రైల్వే స్టేషన్ నుంచి లీలామహల్ సర్కిల్ దాకా కుళాయిలు నేను తిరిగి చూశాను, కపిలతీర్థం వైపు ఇంకా చూడలేదు, అక్కడ ఉండేవాళ్లు ఎవరైనా ఒక సాయంత్రం ఈ యాప్‌తో అటు తిరిగి చూడండి.