యాక్షన్ సినిమా ఇంట్లో చూడాలంటే డిస్కా, ఓటీటీనా: ఏది మేలు?

కర్నూలు, అనంతపురం, కడప పాఠకుల నుంచి మళ్లీ మళ్లీ వస్తున్న ప్రశ్న ఇది: పెద్ద టీవీ కొన్నాం, యాక్షన్ సినిమాలకు ఓటీటీ చాలునా, డీవీడీ కంటే మెరుగైన బ్లూ-రే డిస్కులు ఆడించే ప్లేయర్ కూడా తెచ్చుకోవాలా? నా దృష్టిలో దీన్ని తేల్చేది బిట్‌రేటు, అంటే సెకనుకు బొమ్మ కోసం ఎంత డేటా వస్తోందన్నది. మిగతావన్నీ దాని తర్వాతే.

వీడియోను కుదించే పద్ధతంతా ఒక లెక్క మీద నడుస్తుంది. ఈ ఫ్రేమూ దీని ముందరి ఫ్రేమూ చాలావరకు ఒకటే, కాబట్టి మారిన ముక్కను మాత్రం పంపితే చాలు. ఇద్దరు అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే సీనుకు ఈ లెక్క బాగా కుదురుతుంది. ఫ్యాక్షన్ సినిమాలో పది సుమోలు ఎర్రమట్టి లేపుకుంటూ వచ్చేచోట కుదరదు. దుమ్ములో ప్రతి రేణువూ ఫ్రేము ఫ్రేముకూ చోటు మారుతుంది, తిరిగి వాడుకోవడానికి పాత ముక్కేమీ మిగలదు. పొగ, వాన, మంట, పగిలే అద్దాలు, సెకనుకో కట్ కూడా అంతే. అక్కడ డేటా చాలకపోతే దుమ్ము గళ్లు గళ్లుగా విడిపోతుంది, మొహాలు మైనం పూసినట్టు అవుతాయి, రాత్రి ఫైట్లలో నలుపు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. డైరెక్టరూ ఫైట్ మాస్టరూ ఎక్కువ కష్టపడిన చోటే బొమ్మ చెడిపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఇక అంకెలు. నెట్‌ఫ్లిక్స్ 4కెకి అడిగే నెట్ వేగం 15 ఎంబీపీఎస్ (సెకనుకు 15 మెగాబిట్లు), ఫుల్ హెచ్‌డీకి 5. మామూలు బ్లూ-రేలో శబ్దం కాక బొమ్మకే 40 దాకా పోవచ్చు. 100 జీబీ 4కె డిస్కులో బొమ్మ, శబ్దం అన్నీ కలిపి 128 దాకా వీలుంది. ఓటీటీలు వాడే కొత్త కోడెక్‌లు, అంటే వీడియోను కుదించే పద్ధతులు, తక్కువ డేటాతోనే ఎక్కువ పని చేస్తాయి కాబట్టి ఈ తేడా అంతా కంటికి కనబడదు. అయినా దుమ్ము, వాన సీన్లలో మంచి 1080పి (ఫుల్ హెచ్‌డీ) డిస్కు 4కె స్ట్రీమింగ్ కంటే నిలకడగా ఉంటుందని గట్టిగా చెప్పగలను.

శబ్దంలోనూ డిస్కుదే పైచేయి. ఓటీటీ ఇచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్ కుదించినది, నెట్‌ఫ్లిక్స్‌లో అట్మాస్ (చుట్టూ, పైనుంచీ వినిపించే శబ్దం) గరిష్ఠంగా 768 కేబీపీఎస్. డిస్కులోని ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియోల్లో ఏమీ పోదు. కానీ టీవీకి ఉన్న రెండు చిన్న స్పీకర్లలో వింటే ఈ రెంటికీ తేడా దాదాపు తెలియదు. డబ్బు కొంతే ఉంటే ముందు సబ్‌వూఫర్ ఉన్న సౌండ్‌బార్ కొనండి, ప్లేయర్ తర్వాత. మాటలు వినపడక సౌండ్ పెంచితే, బాంబు పేలగానే ఇల్లంతా ఉలిక్కిపడుతోందా? సౌండ్‌బార్‌లో నైట్ మోడ్ పెడితే ఆ ఎగుడుదిగుడు తగ్గుతుంది.

సమీక్షలు చూసి డిస్కు కొనేవాళ్లకు ఒక మాట. విమర్శకుడు సాధారణంగా థియేటర్లో చూసి రాస్తాడు, డిస్కు నాణ్యత ఆయన లెక్కలో ఉండదు. నక్షత్రాల కంటే కారణం చదవండి. 1988లో షికాగో విమర్శకుడు రోజర్ ఎబర్ట్ ‘డై హార్డ్’కు రెండే నక్షత్రాలిచ్చాడు. ఆయనకు ప్రధానంగా నచ్చనిది ఒక పోలీసు అధికారి పాత్ర, స్టంట్లు కావు. ఫైట్ల కోసం చూసేవాళ్లకు ఆ రెండు నక్షత్రాలు అడ్డం కావు. ఆయనా, జీన్ సిస్కెల్ కలిసి వాదించిన ఇంకో సంగతి మాత్రం ప్రతి ఇంటికీ పనికొస్తుంది: పైనా కిందా నల్ల పట్టీలు వచ్చినా సరే, సినిమాను పూర్తి వెడల్పులోనే చూడాలి. సినిమాస్కోప్ బొమ్మను సాగదీయకుండా, టీవీ నిండేలా జూమ్ చేస్తే వెడల్పులో దాదాపు నాలుగో వంతు పోతుంది. పక్క నుంచి కత్తితో వచ్చేవాడు అందులోనే ఉంటాడు. రిమోట్‌లో జూమ్ తీసేయండి.

ఇంత చెప్పినా తెలుగు సినిమాల వరకు ఓటీటీనే దారి. తెలుగు బ్లూ-రేలు వచ్చినవే కొన్ని, 4కె డిస్కుల మాట ఎత్తే పనే లేదు. హాలీవుడ్ సినిమాను ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి తెలుగులో చూడాలన్నా అదే గతి, విదేశీ డిస్కుల్లో తెలుగు ఆడియో సాధారణంగా ఉండదు. కాబట్టి ఓటీటీని చక్కగా పెట్టుకోండి. రూటర్ నుంచి టీవీకి లాన్ వైరు లాగండి; టీవీ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే అయినా చాలు. వైరు కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ వైఫై. రాత్రి 9 గంటలప్పుడు, అందరూ చూసే వేళ, వేగం కొలవండి. పొద్దున కొలిస్తే మోసపోతారు. 4కె రావాలంటే ప్లాన్ కూడా 4కెదే అయ్యుండాలి. టీవీలో మోషన్ స్మూతింగ్ (మధ్యలో కొత్త ఫ్రేములు కల్పించి కదలికను నున్నగా చేసేది) ఆపండి, లేకపోతే ఫైట్లు సీరియల్‌లా కనబడతాయి. విడిగా స్ట్రీమింగ్ బాక్సు వాడుతుంటే ‘మ్యాచ్ ఫ్రేమ్ రేట్’ ఆన్ చేయండి. 24 ఫ్రేముల సినిమాను 60 హెర్ట్జ్‌లో చూపిస్తే కెమెరా పక్కకు తిరిగేటప్పుడు బొమ్మ కుదుపుతుంది.

డీవీడీ 55 అంగుళాల టీవీలో మసకే, వేరెక్కడా దొరకని పాత సినిమాకు మాత్రం ఉంచుకోండి. యూట్యూబ్, కేబుల్ టైంపాస్‌కు సరే.

డిస్కు ఎవరికంటే: టీవీ 55 అంగుళాలు దాటి, ఏడెనిమిది అడుగుల దూరంలో కూర్చుని, మంచి సౌండ్ ఉండి, హాలీవుడ్ యాక్షన్ సినిమాను పదేపదే చూసేవాళ్లకు. లైసెన్సు గడువు ముగిస్తే ఓటీటీ నుంచి సినిమా మాయమవుతుంది, డిస్కు మీ బీరువాలోనే ఉంటుంది. హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లి ప్లేయర్ వెతికే ముందు ఇంట్లో గేమ్ కన్సోల్ ఏముందో చూడండి. డిస్కు డ్రైవున్న పీఎస్5 4కె డిస్కులు ఆడిస్తుంది, పీఎస్4 ఆడించదు. 4కె డిస్కులకు రీజియన్ కోడ్, అంటే ఏ ప్రాంతపు ప్లేయర్లో ఆడాలో చెప్పే గుర్తు, లేదు. మామూలు బ్లూ-రేలకు ఉంది: మనది ‘సి’, అమెరికాది ‘ఏ’, కొనే ముందు అట్ట వెనక చూసుకోవాలి. బ్లూ-రేలో సమాచారపు పొర మెరిసే వైపు నుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. గట్టి పూత ఉన్నా, మన దుమ్ముతో గుండ్రంగా రుద్దితే గీతలు పడతాయి. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి, ఎండాకాలంలో కారులో వదిలేయకండి.