తెలుగులో అమ్మాడు, తమిళంలో పొమ్మన్నాడు: కొళత్తూరులో ఫైటర్ ఫిష్ కొనేవాళ్ళు జాగ్రత్త

ఇవాళ పొద్దున జరిగింది, ఇంకా కోపం దిగలేదు, ముందూవెనకా కలిసిపోతే సర్దుకుని చదువుకోండి. చెన్నైలో ఉన్నవాళ్ళకి కొళత్తూరు గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, ఆదివారం వెళ్తే వీధంతా చేపల కవర్లే. షాపు పేరు రాయను. "మనోళ్ళేనా అన్నా?" అని పలకరిస్తాడు చూడండి, అతనే.

మా పాప రెండో క్లాసు. కుక్కపిల్ల కావాలని నెల రోజులు ఏడిస్తే, అద్దె ఇంట్లో కుదరదమ్మా అని బతిమాలి చేప దగ్గర బేరం కుదుర్చుకున్నాను. నా తమిళం రెండు ముక్కలు వినగానే అతను నవ్వేసి తెలుగులోకి దిగాడు. వాళ్ళది సూళ్ళూరుపేట అట. మాది ఒంగోలు అనగానే టీ కూడా తెప్పించాడు. ఇక నా బుర్ర అక్కడితో ఆగిపోయింది. నీలంరంగు హాఫ్‌మూన్ (తోక అర్ధచంద్రుడిలా విచ్చుకునే ఫైటర్) 450, మూడు లీటర్ల గాజు డబ్బా 650, రంగురాళ్ళూ ప్లాస్టిక్ మొక్కా 250, మేత 100, ఏదో నీలం మందు 120. మొత్తం 1,570. కొత్తిమీర కట్ట కొసరు వెయ్యమని కూరలబండి దగ్గర పోట్లాడే మనిషిని, ఇక్కడ ఒక్క రూపాయి తగ్గించమనలేదు. టీ తాగాను కదా మరి.

"ఫిల్టర్ వద్దా?" అని మాత్రం అడిగాను. దానికి అతను చెప్పింది ఇంకా చెవిలో ఉంది: "ఫైటర్‌కి ఫిల్టర్ ఎందుకన్నా, ఇది పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. వరిపొలాల్లో బతికే చేప. నీళ్ళు నెల దాకా ముట్టుకోకండి, బెదిరిపోద్ది. మురికిగా అనిపిస్తే ఈ మందు నాలుగు చుక్కలెయ్యండి, చాలు."

ఇందులో దరిద్రమేమిటంటే, మొదటి మాట నిజమే. ఫైటర్‌కి మొప్పలతో పాటు తలలో ఇంకో అవయవం ఉంటుంది, దాంతో నీళ్ళ పైకొచ్చి మామూలు గాలి పీలుస్తుంది. కానీ ఫిల్టర్ ఉన్నది గాలి కోసం కాదు. చేప వదిలేదీ, తినకుండా మిగిలిన మేత కుళ్ళేదీ అంతా అమ్మోనియా అవుతుంది, దాన్ని విరిచే బాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో కాపురం పెడుతుంది. ఆ బాక్టీరియా కుదురుకోవడానికే నెలా నెలన్నర పడుతుంది. మూడు లీటర్ల నీళ్ళు, ఫిల్టర్ లేదు, నిజం మొక్క ఒక్కటీ లేదు, మార్చడం కూడా లేదు అంటే ఆ చేప తన ఉచ్చలో తనే ఈదుతున్నట్టు. పైగా నీళ్ళు వేడిగా ఉంటే, కాస్త క్షారంగా ఉంటే అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది, చెన్నైలో వేడికి కొదవా? వరిపొలం అంట! మా తాత చేసింది వరి వ్యవసాయమే, పొలంలో ఉండేవి మూడు లీటర్ల నీళ్ళు కాదు బాబూ. థాయిలాండ్ వాళ్ళు 2019లో దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించుకున్నారు. నేను దాన్ని మా అమ్మ ఆవకాయ జాడీ కన్నా చిన్న డబ్బాలో పెట్టాను.

ఇదంతా నాకు ముందే తెలుసని కాదు. ఆఫీసులో ఒకతను చేపలు పెంచుతాడు, అతను చెప్పాడు, అదీ చెయ్యి దాటిపోయాక. వారానికి చేప రెక్కలు ముడుచుకుని మూలన నిలబడటం మొదలెట్టింది. పదో రోజుకి మూత తీస్తే వాసన. చిన్న సీసాలో ఆ నీళ్ళు ఆఫీసుకి పట్టుకెళ్ళాను, అతను టెస్ట్ కిట్ చుక్కలు వేసి ఐదు నిమిషాలు ఆగమన్నాడు. పసుపుగా ఉంటే మంచి నీళ్ళట. మావి గోంగూర ఆకు రంగులోకి తిరిగాయి. మూడో వంతు నీళ్ళు మార్చు, క్లోరిన్ పోగొట్టే మందు కలిపి మాత్రమే పొయ్యి అన్నాడు.

నేనేం చేశాను? టెన్షన్‌లో ఇంటికొచ్చి మొత్తం పారబోశాను. రాళ్ళు కూడా తోమి కడిగాను. కుళాయి నీళ్ళు నింపి, క్లోరిన్ మందు అంటే ఇదే కదా అనుకుని ఆ నీలం సీసా వంచాను. సీసా మీద చీమతలంత అక్షరాల్లో ఉన్నది తర్వాత చదివాను: మిథిలీన్ బ్లూ. అది చేపలకి పట్టే బూజుకి వేసే మందు. క్లోరిన్‌ని ఏమీ చెయ్యదు, పైపెచ్చు ఆ మంచి బాక్టీరియాకే చేటు. కాబట్టి సగం హత్య నాదే, ఒప్పుకుంటున్నాను.

ఇవాళ పొద్దున చేప పక్కకి వాలిపోయి, మొప్పలు ఎర్రగా కొట్టుకుంటోంది. "ఆ అంకుల్ దగ్గరికి తీసుకెళ్దాం నాన్నా, బాగు చేస్తాడు" అంది పాప. కవర్లో పెట్టుకుని ఒళ్ళో పట్టుకుని కూర్చుంది ఆటోలో. షాపులో అతను కవర్ అందుకుని, లైటుకి ఎదురుగా ఒక్కసారి ఎత్తి చూసి, టీగ్లాసు పక్కన పడేశాడు. నేను తెలుగులో మొదలెట్టాను. "ఎన్న సార్ వేణుం?" అన్నాడు, ఏం కావాలి అని తమిళంలో. నెల దాకా నీళ్ళు ముట్టుకోవద్దని మీరే కదండీ చెప్పారు అన్నాను. నా కళ్ళల్లోకి చూస్తూ, టీ తెప్పించిన ఆ మనిషే, "తెలుంగు తెరియాదు సార్" అన్నాడు.

తెరియాదట, అంటే తెలుగు రాదట! పద్నాలుగు రోజుల్లో మాతృభాష మర్చిపోయాడు.

నాకు నోరు పడిపోయింది. ఇంతలో పాప నా చొక్కా లాగి అతని వెనక్కి చూపించింది. గల్లాపెట్టె వెనక రెండడుగుల ట్యాంకు, అందులో పచ్చటి మొక్కలు, మూలన స్పాంజి ఫిల్టర్ బుడబుడమంటోంది, మధ్యలో ఒకే ఒక్క నీలం ఫైటర్ దర్జాగా తిరుగుతోంది. "నాన్నా, వాళ్ళ చేపకి బుడగలున్నాయి" అంది. అదేంటని నేను చెయ్యి చూపిస్తే "అదు నమ్మ వీట్టు మీన్ సార్" అన్నాడు. మన ఇంటి చేప అట. అమ్మేవాటికి మాత్రం ప్లాస్టిక్ గ్లాసులు. కావాలంటే ఇంకోటి 300కి ఇస్తానని వేళ్ళతో చూపించాడు కూడా.

చేప ఇంటికి వచ్చే దారిలోనే పోయింది. కరివేపాకు కుండీలో పెట్టాం. పాప ఇంకా నాతో మాట్లాడటం లేదు.

కొనేవాళ్ళు కనీసం 20 లీటర్ల ట్యాంకు తీసుకోండి, చిన్న స్పాంజి ఫిల్టర్ పెట్టండి, చేప కన్నా నెల ముందే నీళ్ళు ఆడించండి. ఫిల్టర్ లేకుండానే పెంచేవాళ్ళూ ఉన్నారు, కాకపోతే నిజం మొక్కలు ఒత్తుగా వేసి, వారానికి రెండుసార్లు కొన్ని నీళ్ళు మారుస్తూ ఉండాలి, మొత్తం కాదు. సీసా మీద ఏం రాసుందో చదవండి. మూడు లీటర్ల గాజు డబ్బా, ముప్పావు సీసా నీలం మందు మా ఇంట్లో ఉన్నాయి, పెరంబూరు దాకా రాగలిగితే ఊరికే ఇచ్చేస్తాను, చేపకి తప్ప దేనికైనా వాడుకోండి.