పెద్ద ఫైల్‌లో వెతకాలంటే: ముక్కలుగా చదవాలా, ఎంమ్యాప్ చేయాలా?

4 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌లో 40 జీబీ లాగ్ ఫైల్. అందులో "టైమ్‌ఔట్" ఎక్కడెక్కడ వచ్చిందో వెతకాలి. మొత్తం ఒకేసారి మెమరీలోకి లాగితే మెషిన్ కూలబడుతుంది. మిగిలినవి రెండు దారులు: ముక్కలుగా చదవడం, లేదా ఎంమ్యాప్ (mmap), అంటే డిస్క్‌లోని ఫైల్‌ను మెమరీలో ఉన్నట్టే ప్రోగ్రామ్‌కు చూపించే ఆపరేటింగ్ సిస్టమ్ సౌకర్యం.

ముక్కలుగా చదివితే, ఒక మెగాబైట్ తెచ్చి, వెతికి, వదిలేసి, మళ్లీ తెస్తాం. ఫైల్ ఎంత పెద్దదైనా మెమరీ వాడకం పెరగదు. చిక్కంతా అతుకుల దగ్గరే. ఒక ముక్క చివర "టైమ్", తర్వాతి ముక్క మొదట్లో "ఔట్" పడితే ఆ మాట రెండింట్లోనూ దొరకదు. అందుకే పాత ముక్క తోకను కొత్తదానికి అతికించాలి. ఇంగ్లిష్‌లో ఆ మాట 7 బైట్లు కాబట్టి 6 బైట్ల తోక చాలు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, అంటే ఫలానా మాట కాకుండా ఒక నమూనా ఇచ్చి వెతికితే, దొరికేది ఎంత పొడవుంటుందో ముందే తెలియదు, అప్పుడు లైను చివర కోసుకోవడం మేలు. ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ (grep) కమాండ్ పద్ధతీ దాదాపు ఇదే. కానీ ఒకే లైనులో ఉన్న భారీ జేసన్ (JSON, డేటాను టెక్స్ట్‌గా రాసే ఫార్మాట్) ఫైల్ ఇస్తే గ్రెప్‌కు కూడా మెమరీ చాలకపోవచ్చు.

ఎంమ్యాప్‌లో అతుకుల గొడవ లేదు. ఫైలంతా ఒకే బైట్ వరుసలా కనిపిస్తుంది. అవసరమైన పేజీలను (మెమరీలోకి తెచ్చే చిన్న ముక్కలను) ఆపరేటింగ్ సిస్టమే తెస్తుంది, చోటు చాలకపోతే పాతవి తీసేస్తుంది. అయితే 32-బిట్ ప్రోగ్రామ్‌లో 40 జీబీ పట్టదు. పైపులో, అంటే వేరే ప్రోగ్రామ్ నుంచి నేరుగా వచ్చే డేటాకు పనికిరాదు. అన్నిటికన్నా టెన్షన్ ఏమిటంటే, వెతుకుతుండగా వేరే ప్రోగ్రామ్ ఫైల్‌ను కత్తిరిస్తే, లినక్స్‌లో మన ప్రోగ్రామ్ సిగ్‌బస్ (SIGBUS) అనే మెమరీ ఎర్రర్ సిగ్నల్‌తో చచ్చిపోవచ్చు.

అందుకే సర్వర్ ఇంకా రాస్తున్న లాగ్ ఫైళ్లకు నేను ముక్కల పద్ధతే వాడతాను. మారని ఫైల్ అయితే పైథాన్‌లో ఎంమ్యాప్ చాలా సుఖం. ప్యాటర్న్‌ను బైట్లలో ఇస్తే పైథాన్‌లోని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల మాడ్యూల్ రీ (re) ఆ ఎంమ్యాప్ మీద నేరుగా వెతుకుతుంది.