కాగితం చూసి మార్కులా, ఊరెళ్లి చూసి మార్కులా?

పెద్దవాళ్లకు పని నేర్పుతామంటూ నిధులడిగే దరఖాస్తుల్ని తూచడానికి ముఖ్యంగా ఈ రెండు దారులు.

ఖర్చు: కాగితాలకు ఒక గది, ముగ్గురు మనుషులు, టీ చాలు. ఊరికైతే బండి, భత్యం. శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం పోయొచ్చేసరికే రోజు గడిచిపోతుంది.

శ్రమ: మార్కుల పట్టిక ముందే రాసుకుంటే కాగితం పని తొందరగా తెములుతుంది.

ముప్పు: అసలు చిక్కు ఇక్కడే. కాగితం మీద బాగా రాసినవాడే గెలుస్తాడు. పలాసలో జీడిపప్పు పనికెళ్లే ఆడవాళ్లకు ఉదయం పదింటికి కుట్టు క్లాసని రాస్తే నిండా మార్కులు పడొచ్చు; ఆ వేళకు వాళ్లు బట్టీ దగ్గర ఉంటారని పట్టికకేం తెలుసు? ఉద్దానం నుంచి వలసపోయే కుర్రాళ్లకు ఆరు నెలల కోర్సన్నా ఇదే తంతు. ఊరెళ్తే ఇవి బయటపడతాయి. కానీ అక్కడ అరిటాకులో అన్నం పెట్టినవాళ్ల వైపు మనసు మొగ్గుతుంది (నాకూ మొగ్గుతుంది). అందుకే ఇద్దరు వెళ్లి, మాట్లాడుకోకుండా విడివిడిగా మార్కులేయాలి.

నప్పేది: దరఖాస్తులు ఎక్కువై, మొత్తాలు చిన్నవైతే కాగితమే. సంస్థ కొత్తదై, అడిగింది పెద్ద మొత్తమైతే ఊరెళ్లాల్సిందే. రెంటికీ మధ్యనుంటే నేనైతే కాగితంతో వడగట్టి, మిగిలిన నాలుగైదు చోట్లకు చెప్పకుండా వెళ్తాను, క్లాసు పెడతామని రాసిన వేళకే.