కొత్త పుస్తకాల ఎంపికకు ఏలూరు రోడ్డు: ఒక పాఠకుడి సమీక్ష

చదవదలచిన పుస్తకాల పట్టికలో కొత్త పేర్లు చేర్చుకోవాలనుకునే తెలుగు పాఠకుడికి విజయవాడలో మూడు దారులున్నాయి: కారల్ మార్క్స్ రోడ్డు అన్న పేరున్నా ఊరంతా ఏలూరు రోడ్డనే పిలిచే వీధిలోని పుస్తకాల షాపులు, జనవరిలో జరిగే పుస్తక మహోత్సవం, ఇంట్లో కూర్చుని ఫోనులో చేసే ఆన్‌లైన్ కొనుగోలు. ఎక్కడ చవక అన్నది పక్కన పెట్టి, ఎంచుకోవడానికి ఏది మేలు అన్న ప్రశ్నకే ఈ సమీక్షను పరిమితం చేస్తున్నాను. నా ఓటు ఏలూరు రోడ్డుకే.

తెలుగు పుస్తకం సంగతి దాన్ని చేతిలోకి తీసుకుని తెరిస్తే తప్ప తెలియదు. వెనక అట్ట మీద రచయిత ఫొటో, నాలుగు పొగడ్త వాక్యాలు ఉంటాయే గాని, లోపల ఉన్నది కొత్తగా రాసిన వ్యాసాలా, ఎప్పుడో పత్రికలో వచ్చిన శీర్షికల కూర్పా అన్నది చాలాసార్లు అక్కడ ఉండదు. అసలు సమాచారం టైటిల్ పేజీ వెనక దొరుకుతుంది. ప్రథమ ముద్రణ ఏ సంవత్సరం, తర్వాత ఎన్ని ముద్రణలు పడ్డాయి, ‘ప్రతులకు’ అన్న మాట కింద ఎవరి చిరునామా ఉంది అన్నవి చూస్తే సగం విషయం తేలిపోతుంది. ఆ చోట రచయిత ఇంటి చిరునామా ఒక్కటే ఉంటే సొంత ఖర్చుతో వేసుకున్న పుస్తకమై ఉండవచ్చు. అంతమాత్రాన తీసిపారేయనక్కర్లేదు, మంచి కథా సంపుటాలు ఎన్నో అలాగే వచ్చాయి. కాకపోతే అది మళ్లీ కనబడుతుందన్న భరోసా ఉండదు కనుక, నచ్చితే పట్టికలో రాసుకుని ఊరుకోకుండా అప్పుడే కొనేయడం మంచిది. ముందుమాట ఒకటుంటే చదువుతాను. మూడు నాలుగు ఉంటే అన్నిటినీ దాటేసి పుస్తకం నడిమధ్య రెండు పేజీలు చదువుతాను. అనువాదమైతే సంభాషణలున్న పేజీ వెతుక్కుని, అందులోని మనుషులు తెలుగువాళ్లు మాట్లాడుకునే తీరులో మాట్లాడుతున్నారా లేదా అని చూస్తాను. మూలభాష నుంచి నేరుగా చేసినదా, ఇంగ్లిష్ మీదుగా వచ్చినదా అన్నది కూడా చెప్పారేమో చూడాలి. చెప్పని ప్రచురణకర్తలే ఎక్కువ.

ఈ పరీక్షలన్నిటికీ షాపులో తావుంది. విశాలాంధ్ర, ప్రజాశక్తి వంటి సంస్థలు వామపక్ష ఉద్యమాల నుంచి పుట్టినవి కావడంతో చరిత్ర, సమాజం, సైన్సు, పిల్లల సాహిత్యం కోసం అక్కడికి వెళ్లేవారు ఎక్కువ. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు చౌకగా దొరికిన రోజులను పాత పాఠకులు ఇప్పటికీ తలుచుకుంటారు. అయితే ఈ వీధి అసలు బలం అల్మరాల్లో కంటే అక్కడ ఏళ్ల తరబడి పనిచేస్తున్న మనుషుల్లో ఉంది. ఒక షాపులో నేను ఒక ఆత్మకథను చేతిలోకి తీసుకోగానే, కౌంటరు దగ్గరి పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకుని, “అది ఇప్పుడు తీసుకోకండి సార్, కొత్త ముద్రణ వస్తోంది, ఇందులో ఫొటోలు మసకగా పడ్డాయి” అని, దాని బదులు పై అరలోంచి అదే కాలానికి చెందిన మరొకరి జ్ఞాపకాలు తీసి ఇచ్చారు. చేతికొచ్చిన బేరాన్ని వద్దని చెప్పే అమ్మకందారుడి సలహాకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

లోపాలు లేకపోలేదు. చాలా షాపుల్లో ముందు వరసంతా పోటీ పరీక్షల గైడ్లదే. సాహిత్యాన్ని రచయితల వారీగా కాక ప్రచురణకర్తల వారీగా సర్దే చోట, ఒకే రచయిత పుస్తకాలు మూడు చోట్ల వెతకవలసి వస్తుంది. చిన్న ప్రచురణ సంస్థల కొత్త పుస్తకాలు ఆలస్యంగా చేరతాయి. కూర్చునే వీలు తక్కువ. బడులు తెరిచే జూన్‌లో అసలు అటు వెళ్లకపోవడమే మంచిది.

1989లో మొదలైన పుస్తక మహోత్సవం పేర్లు తెలుసుకోవడానికి గొప్ప అవకాశం. కేంద్ర సాహిత్య అకాడెమీ, నేషనల్ బుక్ ట్రస్ట్ ప్రచురణలు, అందులోనూ ఇతర భారతీయ భాషల నుంచి వచ్చిన అనువాదాలు తక్కువ ధరకు దొరుకుతాయి. నా పట్టికలో కన్నడ, మలయాళ రచయితలు చేరింది వీటి పుణ్యమే. కాని సాయంత్రం రద్దీలో, వెనక నుంచి జనం తోస్తుండగా, నిలబడి రెండు పేజీలు చదవడం కుదరని పని. అక్కడ పేర్లు రాసుకుని, ఎంపికను ఏలూరు రోడ్డులో తీరిగ్గా చేసుకోవడం నా పద్ధతి.

ఆన్‌లైన్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పేరు ముందే తెలిస్తే అంతకంటే సులువు లేదు. తెలియకపోతే మాత్రం, ఒకే పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగు రకాలుగా రాసే చోట తెలుగు పుస్తకం వెతకడం ఓపికకు పరీక్ష. ఒకసారి తెప్పించుకున్న నవలలో ఒక ఫారం (కలిపి అచ్చువేసి, మడిచి కుట్టే పేజీల కట్ట) మొత్తం లేదు, దాని ముందరి ఫారం రెండుసార్లు కుట్టి ఉంది. షాపులో అయితే పేజీలు తిరగేసి అప్పుడే మార్చుకునేవాణ్ణి.

ధర ఎక్కువగా ఉండి అనుమానం తీరని పుస్తకాలను బందరు రోడ్డులోని ఠాగూర్ గ్రంథాలయంలో ముందు వెతకవచ్చు. పాతవాటికి లెనిన్ సెంటర్ దగ్గరి పాత పుస్తకాల షాపులున్నాయి; అక్కడ చాలా భాగం పాఠ్యపుస్తకాలే కనుక ఆశ తక్కువ పెట్టుకుని వెళ్లాలి. పొరుగూళ్ల నుంచి రైలులో వచ్చేవారికి, ఈ షాపులుండే గవర్నర్‌పేట ప్రాంతం స్టేషనుకు దగ్గరే. కారులో వస్తే పార్కింగు కష్టం. మామూలు రోజుల్లో, భోజనాల వేళకు ముందు వెళితే షాపువాళ్లకు మాట్లాడే తీరిక ఉంటుంది.