పాత ఆఫీసు డెస్క్‌టాప్‌కు గ్రాఫిక్స్ కార్డు: మూడింటిలో ఏది మేలు?

ఆఫీసులు వాడి వదిలేసిన సన్నపాటి డెస్క్‌టాప్‌లు సికింద్రాబాద్ సీటీసీ వంటి బజార్లలో చౌకగానే దొరుకుతాయి. వాటిలో డెల్ ఆప్టిప్లెక్స్ 7010 ఎస్‌ఎఫ్‌ఎఫ్‌ను (స్మాల్ ఫార్మ్ ఫ్యాక్టర్, అంటే సన్న పెట్టె రకాన్ని) ఉదాహరణగా తీసుకుందాం. మూడో తరం ఐ5 ప్రాసెసర్, 240 వాట్ల పవర్ సప్లై ఉన్న ఈ పెట్టెకు హెచ్‌డీఎంఐ పోర్టు లేదు. ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌కు 4కే వీడియో తలకు మించిన భారం. దీనికి జీటీ 1030, జీటీఎక్స్ 1050 టీఐ, ఆర్‌ఎక్స్ 6400 అనే మూడు కార్డుల్లో ఏది నప్పుతుందన్నదే ప్రశ్న.

వేగం సంగతి తరువాత చూడవచ్చు, ముందు కొలత చూడాలి. మామూలు కార్డుకు వెనకనుండే లోహపు పట్టీ, అంటే బ్రాకెట్, సుమారు 12 సెంటీమీటర్లు ఉంటుంది; ఈ సన్న పెట్టెలో పట్టేది 8 సెంటీమీటర్ల పొట్టి బ్రాకెట్ మాత్రమే. నేను కొన్న సెకండ్ హ్యాండ్ జీటీ 1030కి పొడుగు బ్రాకెట్టే ఉంది, పొట్టిది అమ్మినవారి దగ్గర లేదు. స్క్రూలు విప్పి, బ్రాకెట్ లేకుండానే కార్డును స్లాట్‌లో గుచ్చాను. హెచ్‌డీఎంఐ కేబుల్ లాగినప్పుడల్లా కార్డు కూడా కదిలేది.

జీటీ 1030 వాడేది 30 వాట్లే కాబట్టి పవర్ సప్లై గురించి బెంగ అక్కరలేదు. వీపీ9, హెచ్‌ఈవీసీ అనే పద్ధతుల్లో కుదించిన వీడియోలను ఇది తానే డీకోడ్ చేస్తుంది, అందువల్ల ప్రాసెసర్ ఊపిరి పీల్చుకుంటుంది. అయితే ఇదే పేరుతో 2018లో డీడీఆర్4 మెమరీ రకం కూడా వచ్చింది. అసలు వచ్చిన జీడీడీఆర్5 మెమరీ రకానికి సెకనుకు 48 గిగాబైట్ల మెమరీ వేగం ఉండగా దీనికి 16.8 మాత్రమే. కార్డు పెట్టె మీది చిన్న అక్షరాలు చదవకుండా డబ్బు చెల్లించకూడదు.

జీటీఎక్స్ 1050 టీఐకి 4 జీబీ మెమరీ ఉంది, తేలికపాటి ఆటలకు ఇదే సరైనది. వీడియో రికార్డు చేయడానికి కావలసిన ఎన్‌కోడర్ కూడా మిగతా రెండింటిలో లేదు, దీనిలో ఉంది. ఇది 75 వాట్ల కార్డు. కార్డును గుచ్చే స్లాట్‌కు పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే ప్రమాణం విధించిన గరిష్ఠ పరిమితి కూడా అంతే కనుక, ఆ యంత్రపు స్లాట్ నిజంగా ఎంత ఇవ్వగలదో మాన్యువల్‌లో చూసుకోవాలి. పొట్టి రకాలు దొరుకుతాయి గానీ అవి ఎక్కువగా రెండు స్లాట్ల మందం ఉంటాయి. కొన్ని నమూనాల్లో స్లాట్ పక్కనే పవర్ సప్లై డబ్బా ఉంటుంది, అప్పుడు ఆ మందం పట్టదు.

ఆర్‌ఎక్స్ 6400 కాగితం మీద అన్నిటికన్నా మేటి. 2022లో వచ్చింది, 53 వాట్లు, ఒకే స్లాట్ మందం గల పొట్టి రకమూ ఉంది. చిక్కంతా దాని నాలుగు లేన్లతోనే, అంటే కార్డుకూ కంప్యూటర్‌కూ మధ్య సమాచారం నడిచే దారులతోనే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0ను దృష్టిలో పెట్టుకొని చేసిన కార్డు కనుక, మూడో తరం ఐ5 ఉన్న 3.0 యంత్రంలో ఆ దారి సెకనుకు సుమారు 4 గిగాబైట్లకు, అంటే సగానికి, కుదించుకుపోతుంది. రెండో తరం ప్రాసెసర్ అయితే అందులోనూ సగమే. 4 జీబీ మెమరీ నిండిన ఆటల్లో ఈ లోటు తడబాటుగా కనిపిస్తుంది. కొత్త బండి కొని పొలం గట్టు మీద నడిపినట్టే.

నా తూకంలో సినిమాలకూ రెండు మానిటర్లకూ జీడీడీఆర్5 జీటీ 1030, పెట్టె లోపల చోటుంటే ఆటలకు 1050 టీఐ మేలు. చోటు లేక ఆటలు తప్పనిసరైతేనే 6400 వైపు చూడాలి. ఒక్క విషయం మాత్రం 6400కే అనుకూలం: 1030, 1050 టీఐలకు వాటి కంపెనీ ఎన్విడియా కొత్త ఆటల డ్రైవర్లను (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ను) 2025 అక్టోబరుతో ఆపి, భద్రతా అప్‌డేట్లను మాత్రం 2028 అక్టోబరు వరకు ఇస్తామంది. ఆ గడువును చూపించి ఈ రెండింటి ధర తగ్గించమని బేరమాడవచ్చు.